ట్రిగ్గర్ పుట్టడం, ఎక్కడం, జరగడం: కార్డ్ ఆటల్లో టైమింగ్ తగువులు తీర్చుకునే పద్ధతి

వేసవి సెలవుల్లో అమలాపురంలోనో భీమవరంలోనో వరండాలో చాపేసుకుని 'మ్యాజిక్: ది గాదరింగ్' అనే కార్డ్ ఆట ఆడేచోట జడ్జి ఉండడు. తగువొస్తే ఆడేవాళ్ళే తీర్చుకోవాలి. ఆ తగువుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ట్రిగ్గర్ (ఫలానాది జరిగితే దానంతటదే కదిలే కార్డు పని) పుట్టిన క్షణం, అది స్టాక్ (వంతు కోసం ఆగిన పనుల నెట్టు) మీదికి ఎక్కిన క్షణం, దాని పని జరిగిన క్షణం ఒకటేనని అనుకుంటారు. కాదు, మూడూ వేరు. పుట్టడానికీ ఎక్కడానికీ మధ్య ఎవరూ ఏ కార్డూ వేయలేరు. ఎక్కడానికీ జరగడానికీ మధ్య మాత్రం ఇద్దరికీ అవకాశం ఉంటుంది. ఈ తేడా చేతికి వస్తే మిగతాదంతా దానంతటదే కుదురుకుంటుంది.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డవాళ్ళకి ఇది కొత్త కాదు. రేవుకు రావడం ఒకటి, పంటు ఎక్కడం ఒకటి, అవతల నరసాపురంలో దిగడం ఒకటి. పంటు నది మధ్యలో ఉండగా రేవుకొచ్చినవాడు ఎంత తొందరున్నా ఆగాల్సిందే.

ముందు కార్డు మీద మాట చూడండి

మ్యాజిక్‌లో ట్రిగ్గర్ ఎబిలిటీ ఎప్పుడూ 'వెన్', 'వెనెవర్', 'ఎట్' అనే మూడు మాటల్లో ఒకదానితో మొదలవుతుంది. కొన్ని కీవర్డ్‌ల (పూర్తి వాక్యానికి బదులు రాసే ఒక్క మాటల) వెనకా ఇవే దాగి ఉంటాయి. మధ్యలో రెండు చుక్కలుండి, చుక్కలకు ముందు ఖర్చు, తర్వాత ఫలితం రాసి ఉంటే అది యాక్టివేటెడ్ ఎబిలిటీ. మీరు ఖర్చు పెట్టి వాడితేనే అది కదులుతుంది. ఈ రెండూ కాక ఊరికే ఒక వాక్యంలా ఉంటే స్టాటిక్. కార్డు బల్ల మీద ఉన్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది.

నాలుగోది ట్రిగ్గర్‌లాగే కనిపించి మోసం చేస్తుంది. 'ఇన్‌స్టెడ్' అనే మాట ఉన్నా, 'ఎంటర్స్ విత్' అని ఉన్నా, 'యాజ్' అని మొదలై కార్డు బల్ల మీదికి వచ్చే సంగతి చెబుతున్నా అది రీప్లేస్‌మెంట్ ఎఫెక్ట్. ట్రిగ్గర్ అంటే నీళ్ళు చేలోకి వచ్చాక జరిగే పని. రీప్లేస్‌మెంట్ అంటే లాకుల దగ్గరే షట్టర్ దించి నీటిని వేరే కాలవకు మళ్ళించడం. నీళ్ళు ఈ చేలోకి అసలు రానేలేదు. రెస్ట్ ఇన్ పీస్ బల్ల మీద ఉంటే, చచ్చి గ్రేవ్‌యార్డ్‌కి (అయిపోయిన కార్డుల కుప్పకి) పోవాల్సిన క్రీచర్ (పోరాడే ప్రాణి కార్డు) నేరుగా ఎగ్జైల్‌కి, అంటే ఆట బయటికి పోతుంది. గ్రేవ్‌యార్డ్‌కి చేరలేదు కనక అది 'చచ్చినట్టు' కాదు. బ్లడ్ ఆర్టిస్ట్ లాంటి కార్డుల్లో 'డైస్' ట్రిగ్గర్ పుట్టనే పుట్టదు. రీప్లేస్‌మెంట్ స్టాక్ వాడదు, దానికి ఎవరూ జవాబు ఇవ్వలేరు.

క్రీచర్ ఎంత డ్యామేజ్ కొడితే మీకు అంత లైఫ్ ఇచ్చే లైఫ్‌లింక్ దగ్గరా చాలామంది తప్పటడుగు వేస్తారు. 2009లో వచ్చిన మ్యాజిక్ 2010 రూల్స్ నుంచి అది ట్రిగ్గర్ కాదు, డ్యామేజ్‌లోనే భాగం. మీ లైఫ్ 2 ఉంది. కొట్టే బలం, అంటే పవర్ 3 ఉన్న క్రీచర్ ఒకటి బ్లాక్ కాకుండా (మీ క్రీచర్ ఏదీ అడ్డుకోకుండా) మిమ్మల్ని కొట్టింది. అదే యుద్ధంలో మీ 2 పవర్ లైఫ్‌లింక్ క్రీచర్ వేరొకదాన్ని బ్లాక్ చేసి కొట్టింది. రెండు దెబ్బలూ ఒకేసారి, కాబట్టి 2లోంచి 3 పోయి 2 కలిసి, 1 లైఫ్‌తో బతికిపోతారు. అదే ఆ క్రీచర్ మీద 'డ్యామేజ్ చేసినప్పుడల్లా లైఫ్ పొందు' అని ట్రిగ్గర్ రాసి ఉంటే ఓడిపోయేవారు. ఎందుకో కింది భాగంలో తెలుస్తుంది.

రేవులో వరస

స్టాక్ అంటే ధాన్యం బస్తాల నెట్టు. చివర వేసిన బస్తానే ముందు తీస్తాం. 1999లో సిక్స్త్ ఎడిషన్‌తో వచ్చిన ఈ పద్ధతే ఇప్పటికీ ఆటకు వెన్నెముక. ఎవరికైనా ప్రయారిటీ, అంటే ఏదైనా చేసే వంతు రాబోయే ముందు ఆట ఈ వరసలో నడుస్తుంది:

1. స్టేట్-బేస్డ్ యాక్షన్లు చూడాలి. లైఫ్ 0 లేదా అంతకన్నా తక్కువైనవాళ్ళు ఓడిపోతారు, టఫ్‌నెస్ (దెబ్బ ఓర్చుకునే బలం) 0 అయిన క్రీచర్లు, చచ్చేంత డ్యామేజ్ తిన్నవి పోతాయి. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. ఏదైనా జరిగితే మళ్ళీ మొదటి నుంచి చూడాలి.
2. జరగడానికి ఇంకేమీ లేనప్పుడు, అంతవరకు పుట్టి రేవులో నిలబడ్డ ట్రిగ్గర్లన్నీ స్టాక్ మీదికి ఎక్కుతాయి. టార్గెట్లు, అంటే పని ఎవరి మీద, దేని మీద జరగాలో ఎంచుకోవాల్సింది ఇక్కడే.
3. మళ్ళీ ఒకటో అంకె. రెండింటిలోనూ చేయడానికి ఏమీ మిగలకపోతేనే, రావాల్సినవాళ్ళకి ప్రయారిటీ.
4. ఇద్దరూ వరసగా 'పాస్' అంటే పైనున్నది ఒక్కటి జరుగుతుంది. ఒక్కటే. ఆ వెంటనే మళ్ళీ ఒకటో అంకె.

ఒక కార్డు పని జరుగుతూ ఉండగా మధ్యలో ట్రిగ్గర్ దూరదు. మధ్యలో పుట్టినా, ఆ కార్డు మీది చివరి మాట దాకా పని పూర్తయ్యాకే ఎక్కుతుంది. లైఫ్ 0 అయినవాళ్ళు ఒకటో అంకెలోనే ఓడిపోతారు, వాళ్ళని కాపాడే ట్రిగ్గర్ రెండో అంకె దాకా రాలేదు. పైన లైఫ్‌లింక్ లెక్కలో తేడా అదే.

ఒక్క మినహాయింపు: ల్యాండ్ కార్డుని ట్యాప్ చేస్తే (అడ్డంగా తిప్పి వాడితే) అదనంగా మానా, అంటే కార్డుల ఖర్చుకు వాడే శక్తి ఇచ్చే వైల్డ్ గ్రోత్ లాంటి మానా ట్రిగ్గర్లు స్టాక్ ఎక్కవు, అప్పటికప్పుడే మానా వస్తుంది.

ఇద్దరి ట్రిగ్గర్లూ ఒకేసారి పుడితే

ఇక్కడే గొంతులు లేస్తాయి, కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. టర్న్ ఉన్నవాళ్ళ ట్రిగ్గర్లు ముందు ఎక్కుతాయి, వాటిలో వాటికి వరస వాళ్ళిష్టం. తర్వాత అవతలివాళ్ళవి ఎక్కుతాయి, వాటి వరస వాళ్ళిష్టం. చివర ఎక్కినవి పైన ఉంటాయి కనక అవతలివాళ్ళవే ముందు జరుగుతాయి.

సత్తిబాబు, అతని బావమరిది సూర్యం ఆడుతున్నారనుకోండి. ఇద్దరి లైఫూ 4. ఇద్దరి దగ్గరా ఒక్కో బ్లడ్ ఆర్టిస్ట్, ఒక్కో మామూలు క్రీచర్. బ్లడ్ ఆర్టిస్ట్ మీద ఉన్నది ఇది: అది గానీ వేరే క్రీచర్ గానీ చచ్చినప్పుడల్లా టార్గెట్ ప్లేయర్ 1 లైఫ్ పోగొట్టుకుంటాడు, మీకు 1 లైఫ్ వస్తుంది. టర్న్ సత్తిబాబుది. క్రీచర్లన్నిటినీ చంపే రాత్ ఆఫ్ గాడ్ వేశాడు.

"నాలుగు చచ్చాయి, నాలుగు ట్రిగ్గర్లు, నువ్వు అవుట్ రా సూర్యం."

"నావీ నాలుగు ఉన్నాయి బావా."

"టర్న్ నాది కదరా, ముందు నావి."

"ముందు ఎక్కేవి నీవి. ముందు జరిగేవి నావి. పేర్చి చూడు."

పేర్చి చూద్దాం. నాలుగూ ఒకేసారి చచ్చాయి. బ్లడ్ ఆర్టిస్ట్ కూడా వాటితోపాటే పోయింది కదా, మిగతావాటిని ఎలా చూసిందని అడగొచ్చు. బల్ల విడిచి వెళ్ళే ట్రిగ్గర్లకు ఆట వెనక్కి తిరిగి, చావుకు ముందు క్షణంలో బల్ల ఎలా ఉందో చూస్తుంది. ఆ క్షణంలో నాలుగూ ఉన్నాయి. కాబట్టి ఒక్కో ఆర్టిస్ట్‌కీ నాలుగేసి ట్రిగ్గర్లు. సత్తిబాబువి నాలుగు అడుగున, సూర్యానివి నాలుగు పైన. ఎవరూ జవాబు వేయకపోతే పైనుంచి ఒక్కొక్కటే జరుగుతుంది: సత్తిబాబు లైఫ్ 3, 2, 1, 0; సూర్యం 5, 6, 7, 8. నాలుగోది జరగ్గానే ఒకటో అంకెకు వెళ్తాం, సత్తిబాబు ఓడిపోయాడు. అడుగునున్న అతని నాలుగు ట్రిగ్గర్లకూ వంతే రాలేదు. అదే రాత్ సూర్యం టర్న్‌లో పడి ఉంటే గెలుపు సత్తిబాబుది. బల్ల తుడిచే కార్డు చేతిలో ఉంటే వేసేముందు ఈ లెక్క కట్టి తీరాలి.

వెనక్కి చూడటం బల్ల విడిచి వెళ్ళేవాటి సంగతి. లోపలికి వచ్చే ట్రిగ్గర్లకు ఆట వచ్చిన తర్వాతి క్షణాన్ని చూస్తుంది. సోల్ వార్డెన్, మరో రెండు క్రీచర్లు ఒకేసారి వస్తే, వార్డెన్ ఆ రెండింటినీ చూస్తుంది, 2 లైఫ్ వస్తుంది. 2024లో బ్లూంబరో సెట్ నుంచి 'ఎంటర్స్ ది బ్యాటిల్‌ఫీల్డ్' అన్న మాటని 'ఎంటర్స్' అని కుదించారు. పాత కార్డూ కొత్త కార్డూ పక్కపక్కన పెట్టుకుని అర్థం మారిందని కంగారు పడక్కర్లేదు.

మూలం పోయినా ట్రిగ్గర్ పోదు

స్టాక్ మీదికి ఎక్కిన ట్రిగ్గర్‌కి తను పుట్టిన కార్డుతో బంధం తెగిపోయినట్టే. ఫలానా క్రీచర్ ట్రిగ్గర్ ఎక్కింది కదా అని 3 డ్యామేజ్ కొట్టే లైట్నింగ్ బోల్ట్ వేసి ఆ క్రీచర్ని చంపితే, క్రీచర్ పోతుంది, ట్రిగ్గర్ మామూలుగా జరుగుతుంది. దాన్ని ఆపాలంటే ఎబిలిటీని కౌంటర్ చేసే (రద్దు చేసే) స్టైఫిల్ లాంటిది కావాలి. స్పెల్‌ని, అంటే వేసిన కార్డుని ఆపే కౌంటర్‌స్పెల్ పనికిరాదు, ఎందుకంటే ట్రిగ్గర్ స్పెల్ కాదు.

దీన్ని దగ్గరగా చూడాలంటే ఫీండ్ హంటర్‌ని మించిన కార్డు లేదు. దాని మీద రెండు వేరువేరు ట్రిగ్గర్లున్నాయి. వచ్చినప్పుడు మరో టార్గెట్ క్రీచర్ని ఎగ్జైల్ చేయొచ్చు. వెళ్ళిపోయినప్పుడు ఎగ్జైల్ అయినది యజమానికి తిరిగి వస్తుంది. ఇప్పుడు హంటర్ వచ్చింది, మొదటి ట్రిగ్గర్ టార్గెట్‌తో స్టాక్ ఎక్కింది. అది జరగకముందే, ఖర్చు లేకుండా క్రీచర్ని బలిచ్చే కార్డు ఏదైనా మీ దగ్గరుంటే హంటర్నే బలివ్వండి. వెళ్ళిపోయే ట్రిగ్గర్ పుట్టి, మొదటిదాని పైన ఎక్కుతుంది. అదే ముందు జరుగుతుంది. తిరిగి రావడానికి ఇంకా ఏదీ ఎగ్జైల్ కాలేదు, ఏమీ జరగదు. తర్వాత అడుగున్న మొదటి ట్రిగ్గర్ జరిగి క్రీచర్ ఎగ్జైల్ అవుతుంది. తిరిగి తెచ్చే ట్రిగ్గర్ అప్పటికే అయిపోయింది కనక ఇక ఎప్పటికీ రాదు. ఆబ్లివియన్ రింగ్‌దీ ఇదే కట్టు.

తర్వాత వచ్చిన బానిషర్ ప్రీస్ట్, బానిషింగ్ లైట్‌ల మీద రాత మార్చారు. వాటికి ఒక్కటే ట్రిగ్గర్, 'ఇది బల్ల విడిచేదాకా' ఎగ్జైల్. ట్రిగ్గర్ జరగకముందే ప్రీస్ట్ పోతే ఆ 'దాకా' అప్పటికే ముగిసింది కాబట్టి టార్గెట్ కదలదు. అందుకే ఎదుట ఫీండ్ హంటర్ దిగితే, మొదటి ట్రిగ్గర్ జరిగేదాకా ఆగి తర్వాత చంపండి, మీ క్రీచర్ తిరిగొస్తుంది. బానిషర్ ప్రీస్ట్ దిగితే ట్రిగ్గర్ స్టాక్ మీద ఉండగానే చంపండి, మీ క్రీచర్ అసలు కదలదు. ఒకేలా కనిపించే కార్డులకు జవాబు వేసే వేళ పూర్తిగా తలకిందులు.

'ఇఫ్' ఎక్కడుందో చూడండి

'వెన్', 'వెనెవర్', 'ఎట్' మాట తర్వాత వచ్చే సంఘటన అయిపోగానే, కామా పెట్టి వెంటనే 'ఇఫ్' అని ఉంటే ఆ షరతును రెండుసార్లు చూస్తారు: పుట్టేటప్పుడు ఒకసారి, జరిగేటప్పుడు ఒకసారి. ఫెలిడార్ సోవరిన్ చెప్పేది ఇదే: మీ అప్‌కీప్ (మీ టర్న్‌లో కార్డు తీయకముందు వచ్చే గడియ) మొదట్లో, మీకు 40 లేదా అంతకన్నా ఎక్కువ లైఫ్ ఉంటే, మీరు గెలుస్తారు. 39 లైఫ్‌తో అప్‌కీప్‌లోకి అడుగుపెట్టి, అక్కడ ఒక కార్డు వేసి 42 చేసుకుంటే లాభం లేదు. మొదట్లో షరతు లేదు కనక ట్రిగ్గర్ పుట్టలేదు. 40తో వచ్చి ట్రిగ్గర్ ఎక్కాక ఎదుటివాళ్ళు బోల్ట్ వేసి 37 చేస్తే, జరిగేటప్పుడు షరతు తప్పింది, గెలుపు పోయింది. ఆ అప్‌కీప్‌లోకి రాకముందే 40 దాటించి, బోల్ట్‌కి సరిపడా మిగులు పెట్టుకోవాలి.

'ఇఫ్' వాక్యం చివర్లో, ఫలితం మధ్యలో ఎక్కడో ఉంటే దాన్ని జరిగేటప్పుడు ఒక్కసారే చూస్తారు. 'మే' అన్న మాట కూడా అంతే. చేయాలా వద్దా అన్నది ట్రిగ్గర్ ఎక్కేటప్పుడు కాదు, జరిగేటప్పుడు చెబితే చాలు. అప్పటిదాకా మీ మనసులో మాట అవతలివాళ్ళకి చెప్పక్కర్లేదు.

టార్గెట్ సంగతి వేరు. ఎక్కేటప్పుడే చెప్పాలి. చెప్పడానికి సరైన టార్గెట్ లేకపోతే ట్రిగ్గర్ స్టాక్ నుంచి పోతుంది. జరిగే వేళకి టార్గెట్లన్నీ చెల్లకుండా పోతే ట్రిగ్గర్‌లోని ఏ పనీ జరగదు, టార్గెట్‌తో సంబంధం లేని లైఫ్ పొందడం లాంటివి కూడా. రెండు టార్గెట్లలో ఒకటి మిగిలితే దానికి చేయగలిగినంత చేస్తుంది.

'ఎట్': టర్న్‌లో గడియలు

టర్న్ మొదట్లో అన్‌ట్యాప్, అప్‌కీప్, డ్రా అనే స్టెప్పులు వరసగా వస్తాయి, చివర్లో ఎండ్ స్టెప్, క్లీనప్. అన్‌ట్యాప్ స్టెప్‌లో ఎవరికీ ప్రయారిటీ రాదు. అక్కడ పుట్టినవి అప్‌కీప్ ట్రిగ్గర్లతో కలిసి అప్‌కీప్‌లోనే ఎక్కుతాయి. డ్రా స్టెప్‌లో ముందు కార్డు తీయడం, ఆ తర్వాతే ట్రిగ్గర్లు. కాబట్టి ఎదుటివాళ్ళు కార్డు తీయకముందు ఏదైనా చేయాలంటే వాళ్ళ అప్‌కీప్‌లోనే చేసేయాలి.

ఎండ్ స్టెప్ వేరు, టర్న్ ముగియడం వేరు. 'నెక్స్ట్ ఎండ్ స్టెప్ మొదట్లో' అనే ట్రిగ్గర్ ఎండ్ స్టెప్ మొదలయ్యే ఒక్క క్షణంలోనే పుడుతుంది. ఆ క్షణం దాటాక ఎండ్ స్టెప్‌లోనే ఉన్నా, వచ్చే టర్న్ ఎండ్ స్టెప్ దాకా ఆగాలి. స్నీక్ అటాక్ చేతిలోని క్రీచర్ని దించి, నెక్స్ట్ ఎండ్ స్టెప్ మొదట్లో బలివ్వమంటుంది. దాన్ని ఆడేవాళ్ళు దీని మీదే బతుకుతారు. ఎదుటివాళ్ళ ఎండ్ స్టెప్ మొదలయ్యాక పెద్ద క్రీచర్ని దించితే, దాన్ని బలివ్వాల్సిన గడియ మీ టర్న్ చివర వస్తుంది. మధ్యలో మీ టర్న్ అంతా అది మీదే, దాడి చేయొచ్చు.

'అంటిల్ ఎండ్ ఆఫ్ టర్న్' అన్నవి ఎండ్ స్టెప్ కూడా దాటి క్లీనప్‌లో, క్రీచర్ల మీది డ్యామేజ్‌తో పాటే తొలగిపోతాయి. +3/+3 ఇచ్చిన క్రీచర్ ఎండ్ స్టెప్‌లో ఇంకా పెద్దదే, అప్పుడు 2 డ్యామేజ్ కొట్టే షాక్ లాంటి చిన్న కార్డు వేసి లాభం లేదు. క్లీనప్‌లో మామూలుగా ప్రయారిటీ ఉండదు. చేతిలో 7కి మించిన కార్డులు పారేసినప్పుడు ట్రిగ్గర్ పుడితే మాత్రం అది ఎక్కి, ప్రయారిటీ వచ్చి, తర్వాత మరో క్లీనప్ నడుస్తుంది.

యు-గి-ఓ ఆడేవాళ్ళకి

ఒకే చాప మీద రెండు ఆటలూ నడిచేచోట ఒకదాని అలవాటు రెండోదాన్ని చెడగొడుతుంది. యు-గి-ఓ అనే ఆ రెండో కార్డ్ ఆటలో స్టాక్ కాదు, చెయిన్. చివర వేసింది ముందు జరగడం వరకు ఒకటే. కానీ చెయిన్ మొదలయ్యాక ఒక లింక్‌కీ మరో లింక్‌కీ మధ్య ఆగి కార్డు వేయడం కుదరదు. మొత్తం తెగిపోయేదాకా కానిచ్చి, మధ్యలో పుట్టినవాటితో కొత్త చెయిన్ కడతారు. ఒకేసారి పుట్టినవాటి వరస ఇది: టర్న్ ఉన్నవాళ్ళ తప్పనిసరివి, అవతలివాళ్ళ తప్పనిసరివి, టర్న్ ఉన్నవాళ్ళ ఐచ్ఛికాలు, అవతలివాళ్ళ ఐచ్ఛికాలు.

అక్కడ 'వెన్', 'ఇఫ్' రెండూ ఒకటి కాదు. 'వెన్... యు కెన్' అని ఉన్న ఐచ్ఛిక ఎఫెక్ట్‌కి తన సంఘటనే ఆఖరున జరిగి ఉండాలి. ఆ తర్వాత ఇంకేదైనా జరిగితే టైమింగ్ తప్పిపోతుంది. గ్రేవ్‌యార్డ్‌కి పోయినప్పుడు పనిచేసే 'వెన్' కార్డు పెటెన్ ది డార్క్ క్లౌన్‌ని ట్రిబ్యూట్ సమన్‌కి (బలిచ్చి పెద్ద కార్డు దించడానికి) వాడితే ఆఖరున జరిగింది సమన్, గ్రేవ్‌యార్డ్‌కి పోవడం కాదు. పెటెన్ ఎఫెక్ట్ పోయినట్టే. 'ఇఫ్... యు కెన్' అని ఉంటే తప్పిపోదు. తప్పనిసరి ఎఫెక్ట్‌లు ఏ మాటతో ఉన్నా తప్పిపోవు. శాంగన్‌ని ట్రిబ్యూట్ చేసినా డెక్ వెతుక్కోవచ్చు, అది అందుకే. 2011 నుంచి వాడుతున్న రాతలో రెండు చుక్కలకు ముందున్నది ఎప్పుడు వాడొచ్చన్న షరతు, సెమికోలన్‌కి ముందున్నది వాడేటప్పుడే చేయాల్సిన పని. మ్యాజిక్‌లో రెండు చుక్కలంటే ఖర్చు కదా అని ఇక్కడా అలాగే చదివితే తప్పులో పడతారు.

పోకెమాన్ కార్డ్ ఆటలో ఈ బాధ లేదు. ఎదుటివాళ్ళ టర్న్‌లో మధ్యలో దూరి కార్డు వేసే పద్ధతే లేదు.

మర్చిపోయిన ట్రిగ్గర్లు

పోటీ స్థాయి మ్యాజిక్ టోర్నమెంట్లలో ఎవరి ట్రిగ్గర్ వాళ్ళ బాధ్యత. ఎదుటివాళ్ళు మర్చిపోతే గుర్తుచేయాల్సిన పని మీకు లేదు. కానీ మీ ట్రిగ్గర్ మీకు నష్టం తెచ్చేదైతే కావాలని మర్చిపోయినట్టు ఉండటం మోసం కిందికి వస్తుంది. ఇంట్లో ఆడేటప్పుడు మాత్రం గుర్తుచేసుకుంటూ ఆడటమే మంచిది, నేర్చుకునేది అక్కడే కదా.

కొన్ని అలవాట్లు. అప్‌కీప్ ట్రిగ్గర్ ఉంటే డెక్ పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టుకోండి. కార్డు తీయబోయే చెయ్యి బిళ్ళకి తగిలి ఆగుతుంది. ట్రిగ్గర్లు నాలుగైదు పోగైతే నోటితో లెక్క కట్టకండి. ఒక్కో ట్రిగ్గర్‌కీ ఒక చింతగింజ బల్ల మధ్యలో వరసగా పెట్టి, జరిగినకొద్దీ చివరి నుంచి తీయండి. ఒకే వైపు కొద్దిగా అరగదీసిన గింజలు ఒకరివి, అరగదీయనివి మరొకరివి. ఏ ట్రిగ్గర్ టార్గెట్ ఏదో ఎక్కించేటప్పుడే పైకి చెప్పండి. స్పెల్ వేశాక ఇంకోటి వేయాలనుకుంటే "ప్రయారిటీ నా దగ్గరే" అని ముందే అనండి. అనకపోతే పాస్ చేసినట్టే లెక్క.

వానాకాలంలో మన గాలి తేమకి ఫాయిల్ కార్డులు విల్లులా వంగుతాయి. కాగితం తేమ పీలుస్తుంది, పైనున్న ఫాయిల్ పొర పీల్చదు. వంగిన కార్డు డెక్‌లో ఎక్కడుందో ఇద్దరికీ కనిపించిపోతుంది. ఆషాఢం రాకముందే డెక్ మొత్తాన్ని ఒకే రకం స్లీవుల్లో వేసి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టండి.